మా ఇంటి స్పీకర్ స్టాండ్లు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు ఫోను చేసి "సుబేదార్ సాబ్, ఈసారి మీరు ఏదైనా మాట్లాడాలి" అన్నారు. నేను ఇంటర్ వరకే చదువుకున్నవాణ్ణి. కవిత్వం రాదు. కార్గిల్ గురించి చెప్పమన్నారు. దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని, ఇంట్లో నా చేతుల్తో చేసుకున్న ఒక వస్తువు గురించి చెబుతానన్నాను. "ఏమిటండీ అది?" అన్నారు. "స్పీకర్ స్టాండు" అన్నాను. అవతల చాలాసేపు మాటలేదు. లైను కట్టయిందనుకున్నాను. (నవ్వులు)

నవ్వండి, ఫరవాలేదు. కానీ చివరిదాకా వినండి. ఈ కథలో ఒక పసివాడి కాలు పచ్చడి కాకుండా తప్పింది. మా నాన్నగారు రెండేళ్ళ తర్వాత మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టారు. అందుకే చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతం. మా నాన్నగారు 1961లో భిలాయి వచ్చి ఉక్కు కర్మాగారంలో చేరారు. రెండేళ్ళ ముందే, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఎన్ని కుటుంబాలు వచ్చాయో మీకు తెలియనిది కాదు. ఈ హాల్లో సగంమంది ఆ ఇళ్ళ పిల్లలే. నాన్న రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. నేను 1987లో ఆర్టిలరీలో చేరి, 28 ఏళ్ళు చేసి, 2015లో ఇంటికొచ్చాను. ఇప్పుడు హుడ్కోలో అందరం ఒకే ఇంట్లో ఉంటున్నాం.

నాన్నకి ఎనభై దాటాక చెవులు మందగించాయి. మొదట్లో మేం దాన్ని నవ్వులాటగానే తీసుకున్నాం. మా ఆవిడ "పప్పు వేయనా మావయ్యా?" అని అడిగితే, "తప్పేముందమ్మా, వెయ్యి" అనేవారు. "పాలు తాగారా?" అంటే "కాలు బానే ఉంది" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవారు. కొన్నాళ్ళకి ఆయన నవ్వడం మానేశారు. తర్వాత అడగడం మానేశారు. చివరికి మాట్లాడడమే మానేశారు. పొద్దున్న లేచి కేన్ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ పడుకునేదాకా మౌనమే. టీవీ ముందు కూర్చునేవారు గాని, చూస్తున్నట్టు ఉండేది కాదు.

నాకు కోపం వచ్చేది. ఎంత గట్టిగా చెప్పినా వినరేమిటి అని అరిచేవాణ్ణి. అరిచినకొద్దీ ఆయన ఇంకా ముడుచుకుపోయేవారు. టీవీ సౌండు 45 దగ్గర పెడితే పక్కింటివాళ్ళు తలుపు కొట్టేవారు.

చెవి పరీక్షకి తీసుకెళితే అక్కడ ఒక గ్రాఫు చూపించారు. ఎడమవైపు గీత పైన ఉంది, కుడివైపుకి వెళ్ళేకొద్దీ కొండ దిగినట్టు దిగిపోయింది. ఆ అమ్మాయి చక్కగా విడమరిచి చెప్పింది. మాటలో అచ్చుల శబ్దం లావుగా, బలంగా ఉంటుంది. అది ఆయనకి వినబడుతోంది. క, చ, త, ప, స లాంటి హల్లుల శబ్దం సన్నగా, బలహీనంగా ఉంటుంది. అదే పోయింది. పప్పుకీ తప్పుకీ తేడా ఆ మొదటి హల్లులోనే ఉంది కదా. వయసుతో ముందు పోయేది ఈ సన్నని శబ్దాలే. కాబట్టి గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా గట్టిగా వినబడతాయి తప్ప మాట స్పష్టం కాదు. రెండేళ్ళు నేను అరిచిందంతా వృథా అని అప్పుడు తెలిసింది.

"మీరూ చేయించుకోండి అంకుల్" అంది. చేయించుకున్నాను. నా గ్రాఫులో 4,000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి తీసినట్టు ఒక పల్లం ఉంది. పెద్ద చప్పుళ్ళ మధ్య పనిచేసినవాళ్ళకి మొదట దెబ్బతినేది ఆ చోటేనట. 140 డెసిబెల్స్ దాటిన శబ్దం ఒక్కసారి తగిలినా చెవికి హాని జరగొచ్చు. గన్ పేలితే అంతకంటే ఎక్కువే. 1999లో ద్రాస్‌లో రాత్రీ పగలూ గన్ దగ్గరే ఉన్నాను. ఇందులో ఎవరి తప్పూ లేదు. చెవుల్లో పెట్టుకోవాల్సినవి జేబులో పెట్టుకున్నది నేనే. ఆర్డరు సరిగ్గా వినబడదేమోనని భయం, కొంత మగతనం కూడా.

నాన్నకి వినికిడి యంత్రం కొన్నాం. అది మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగా పనిచేసింది. టీవీ దగ్గర మాత్రం అంతంతమాత్రమే. అప్పుడు నేను రిటైరైనప్పుడు కొనుక్కున్న ఆంప్లిఫయరూ, రెండు స్పీకర్ పెట్టెలూ గుర్తొచ్చాయి. అవి బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ఒక్కోటి 14 అంగుళాల ఎత్తు, 6 కిలోల బరువు. టీవీని వాటికి కలిపాను. కానీ బీరువా మీద నుంచి వచ్చే పాట గంభీరంగా ఉంది గాని మాట తేలలేదు.

ఇక్కడ కొంచెం పాఠం చెబుతాను. పెట్టెలో కింద ఉండే పెద్ద గిన్నె లావు శబ్దం ఇస్తుంది. పైన ఉండే చిన్నది, ట్వీటరు, సన్నని శబ్దం ఇస్తుంది. లావు శబ్దం పొగ లాంటిది, గదంతా పాకుతుంది. 100 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పొడవు మూడు మీటర్లకి పైనే. సన్నని శబ్దం టార్చిలైటు లాంటిది, ఎటు తిప్పితే అటే పోతుంది. 4,000 హెర్ట్జ్ అల పొడవు తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. బీరువా మీద పెడితే నాన్నకి కావలసిన హల్లులన్నీ ఆయన తల మీదుగా వెళ్ళి ఎదుటి గోడకి తగులుతున్నాయి. నేల మీద పెడితే మోకాళ్ళకి తగులుతాయి. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలి. స్టాండు అవసరం అందుకే. అందం కోసం కాదు.

నాన్న కుర్చీలో కూర్చున్నప్పుడు నేల నుంచి చెవి దాకా టేపు పెట్టి కొలిచాను. 35 అంగుళాలు. పెట్టె అడుగు నుంచి ట్వీటరు మధ్యదాకా 11. తీసేస్తే 24. అంటే రెండడుగుల స్టాండు కావాలి. లెక్క అంతే. మీ ఇంట్లో కుర్చీ వేరు, మనిషి వేరు. మీ కొలత మీరే తీసుకోవాలి.

కొలత సరిగ్గానే తీశాను గాని తొందరపడ్డాను. పూలకుండీలు పెట్టుకునే రెండడుగుల సన్నటి చెక్క స్టూళ్ళు రెండు కనబడ్డాయి. వాటి మీద పెట్టెలు ఎక్కించి, పని అయిపోయిందనుకున్నాను. అది 2023 దసరా సెలవుల మాట. అమ్మాయి పిల్లాడితో వచ్చింది. వాడికి రెండేళ్ళు. మూడోరోజు మధ్యాహ్నం వాడు స్టూలు కాలు పట్టుకుని నిలబడబోయాడు. నేను పక్కగదిలో ఉన్నాను. ధబ్బుమని చప్పుడు. పరుగెత్తుకెళ్ళి చూస్తే, పెట్టె వాడి పాదానికి జానెడు దూరంలో పడింది. టైలు నాలుగు ముక్కలైంది. పిల్లాడు ఏడవలేదు, పెట్టెనే చూస్తున్నాడు. మా అమ్మాయి నన్నేమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

సోదరులారా, ఇరవై ఏళ్ళు జవాన్లకి సేఫ్టీ గురించి పాఠం చెప్పినవాణ్ణి నేను. గన్ పొజిషన్లో దిగగానే మొదట ఏం చేస్తాం? ట్రెయిల్ కాళ్ళు రెండూ వెడల్పుగా విప్పుతాం, స్పేడ్లు నేలలోకి దిగేస్తాం. ఆ తర్వాతే మిగతా పని. ఆ సంగతి గన్ దగ్గర గుర్తుంది గాని ఇంట్లో గుర్తు రాలేదు.

ఆ రోజు సాయంత్రం నాన్న తనంతట తానే మాట్లాడారు. "ఏటిరా ఆ పని? పుల్ల మీద గుమ్మడికాయ పెట్టినట్టు పెట్టినావు" అన్నారు. నేను తలవంచుకున్నాను. ఆయన వేలితో నేల మీద గీసి చూపించారు. "రైలు పట్టా చూసినావా? అడుగు ఎడల్పు, నడుం సన్నం, నెత్తి చిన్నది. అలా సెయ్యి." అరవై కిలోల పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లయితే, అడుగు 150 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ లెక్క ఆయనకి ఇంకా నోటికే ఉంది. స్టాండు నమూనా అక్కడే తయారైంది. మర్నాటినుంచి ఆయన ఫోర్‌మన్, నేను హెల్పరు.

ఉక్కు ఊళ్ళో ఉంటూ చెక్క స్టూలు వాడడమేమిటని కూడా అన్నారు. నిజమే. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విక్రాంత్‌కి వాడిన ప్రత్యేక ఉక్కులో భిలాయి ప్లేట్లు కూడా ఉన్నాయి. నేవీ సోదరులు గర్వంగా వింటున్నారు. నేను కొన్నది మాత్రం నందిని రోడ్డు వైపు కబాడీ దుకాణంలో కిలోల లెక్కన అమ్మే మామూలు ముక్కలు.

ఒక్కో స్టాండుకి కావలసినవి చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. అడుగున 12 అంగుళాల చదరపు ప్లేటు, 10 మిల్లీమీటర్ల మందం. అదొక్కటే ఏడు కిలోల పైన తూగుతుంది. నడుముకి 75 మిల్లీమీటర్ల చదరపు పైపు, గోడ మందం 3 మిల్లీమీటర్లు, పొడవు 58 సెంటీమీటర్లకి కొంచెం పైన. నెత్తి మీద 7 అంగుళాలు, 9 అంగుళాల ప్లేటు, 5 మిల్లీమీటర్ల మందం. కింద నాలుగు మూలలా నట్లు వెల్డు చేసి, వాటిలో రబ్బరు బూటు తొడిగిన బోల్టులు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే బోల్టు తిప్పి రసమట్టంతో సరిచేసుకోవచ్చు.

మూడు కాళ్ళయితే ఊగదు కదా అన్నాను. "ఊగదు, కానీ తొందరగా పడతది" అన్నారు నాన్న. నిజమే. మూడు కాళ్ళకి రెండు కాళ్ళ మధ్య గీత మధ్యభాగానికి దగ్గరగా ఉంటుంది. అటు తోస్తే త్వరగా ఒరిగిపోతుంది. పిల్లలున్న ఇంట్లో నాలుగే మంచిది.

పైపు కోశాక నాన్న మూలమట్టం పెట్టి చూశారు. ఒక పైపు ఒక మిల్లీమీటరు వంకర కోశాను. "మళ్ళీ కొయ్యి" అన్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కళ్ళజోడు కూడా సరిగ్గా లేదు, ఒక మిల్లీమీటరు ఎలా పట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. మా వీధిలో ఉండే వెల్డరు కుర్రాడు వచ్చి అంటించాడు. అతనికీ ఆయనే హిందీలో ఆర్డర్లు. ముందు నాలుగు మూలలా చుక్కలు పెట్టించి, నిటారుగా ఉందో లేదో చూసి, అప్పుడే పూర్తిగా కుట్టించారు. ఒకేసారి ఒక పక్క వెల్డు చేసుకుంటూ పోతే వేడికి ఆ పక్కకి లాగేస్తుందట.

ఇక ఇసుక. ఖాళీ పైపుని వేలితో కొడితే బడిగంటలా మోగుతుంది. స్పీకరు మోగుతుంటే అది కూడా సన్నగా మోగుతుంది. మాటకి అది అడ్డం. ఇసుక నింపితే ఆ మోత చచ్చిపోతుంది, బరువూ వస్తుంది. శివనాథ్ ఇసుక జల్లెడ పట్టి, మూకుట్లో వేయించి, పూర్తిగా ఆరబెట్టాను. ఆ మూకుడు కోసం మా ఆవిడ పెట్టిన కోర్ట్ మార్షల్ సంగతి ఇక్కడ చెప్పను. (నవ్వులు) తడి ఇసుక పోస్తే లోపల తుప్పు పడుతుంది. ఇంకో ముఖ్యమైన మాట. ఇసుక నింపి మూతపెట్టిన పైపుని ఎప్పుడూ వెల్డు చేయకూడదు. లోపల తేమ ఉంటే ఆవిరై పేలుతుంది. వెల్డింగంతా అయి చల్లారాక, పైప్లేటులో ముందే పెట్టుకున్న అంగుళం రంధ్రంలోంచి గరాటుతో పోసి, చెక్కసుత్తితో తడుతూ దిగ్గొట్టి, బోల్టుతో మూసేయాలి. కొందరు సీసపు గుళ్ళు పోస్తారు. సీసం విషం, పిల్లలున్న ఇంటికి వద్దు.

ఇసుకతో కలిపి ఒక్కో స్టాండు 17 కిలోలు తూగింది. అప్పుడు నేనొక పరీక్ష పెట్టాను. పెట్టెని స్టూలు మీద కట్టి, పెట్టె పైఅంచుకి కొక్కెం త్రాసు తగిలించి, పక్కకి లాగాను. ఒక్క కిలో దాటగానే ఒరిగిపోయింది. ఒక కిలో అంటే పసివాడి వేలు. కొత్త స్టాండు మీద అదే పెట్టెని అలాగే లాగితే మూడున్నర కిలోల దాకా నిలబడింది. నేను సంతోషించాను. నాన్న సంతోషించలేదు. "పిల్లడు ఏలాడితే మూడున్నర ఏటి, పది కిలోలు లాగుతాడు" అన్నారు. అందుకని గోడకి కొక్కెం బిగించి, పైప్లేటు వెనకనుంచి చిన్న గొలుసుతో కట్టాం. పెట్టెకీ ప్లేటుకీ మధ్య సైకిలు ట్యూబు ముక్కలు వేసి, నైలాను పట్టీతో పెట్టెని స్టాండుకే కట్టేశాం. ఇసుక బరువు చాలు అనుకోకండి. గొలుసు తప్పనిసరి.

పెట్టడంలో కూడా పద్ధతి ఉంది. మూలకి తోస్తే లావు శబ్దం గుమ్మటంలా మోగి మాటని మింగేస్తుంది. గోడకి రెండడుగులు ఎడంగా పెట్టాను. రెండు స్టాండ్ల మధ్య ఆరడుగులు, ఒక్కోదానినుంచి నాన్న కుర్చీకి ఆరడుగులు, ముక్కోణంలా. రెండూ కుర్చీవైపు కొంచెం తిప్పాను. వైర్లు రెండు పెట్టెలకీ ఎర్రది ఎర్రదానికే, నల్లది నల్లదానికే వెళ్ళాయా అని చూసుకోవాలి. ఒకదానికి తిరగబడితే శబ్దం డొల్లగా వస్తుంది, మాట ఎటునుంచి వస్తోందో తెలియదు. వైరు నడిచే దారిలో లేకుండా గోడ వెంట పోనిచ్చాను. ఆంప్లిఫయరులో బాస్ తగ్గించి, ట్రెబుల్ కొంచెం పెంచాను.

మొత్తం ఖర్చు రెండు స్టాండ్లకి కలిపి రెండున్నర వేల లోపే. పట్టిన రోజులు పది.

మొదటిరోజు ఘంటసాల పద్యాలు పెట్టాను. నాన్న వినికిడి యంత్రం పెట్టుకుని కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. పద్యం అయిపోయింది. ఇంకోటి మొదలైంది. మధ్యలో కళ్ళు తెరిచి, "ఇన్నాళ్ళూ గొంతు ఇనబడేది రా. మాట ఇనబడేది కాదు" అన్నారు. అంతే. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు టీవీ సౌండు 28 దగ్గర సరిపోతోంది. వార్తల్లో నాలుగింట మూడు మాటలు పట్టుకుంటారు. మిగిలినదానికి నన్ను అడుగుతారు. స్టాండు పెడితే చెవుడు పోయిందని నేను చెప్పడం లేదు. పోయిన వినికిడి పోయినట్టే, స్టాండు మందు కాదు. పరీక్షా, వినికిడి యంత్రమూ లేకుండా ఇది ఒక్కటీ ఇంత పని చేసేది కాదు. కానీ నాకు అర్థమైందేమిటంటే, ఆ పది రోజుల్లో ఆయన మాట్లాడినంత, అంతకుముందు రెండేళ్ళలో మాట్లాడలేదు. అప్పటికింకా స్టాండ్లు తయారే కాలేదు, స్పీకర్లు మోగనేలేదు. ఆయన దగ్గరికెళ్ళి, ఎదురుగా కూర్చుని, "ఇది ఎలా చెయ్యాలి నాన్నా?" అని ఎవరూ అడగలేదు అంతకుముందు. నేనైతే దూరంనుంచి అరిచేవాణ్ణి.

చివరిగా మూడు మనవులు. ఒకటి, మనలో గన్నుల దగ్గర, ట్యాంకుల్లో, ఇంజను గదుల్లో, రన్‌వేల మీద పనిచేసినవాళ్ళందరూ ఒకసారి చెవి పరీక్ష చేయించుకోండి. ఇ.సి.హెచ్.ఎస్. కార్డు ఉన్నవాళ్ళు దగ్గరలోని పాలీక్లినిక్‌లో అడగండి. సిగ్గుపడకండి. రెండు, ఇళ్ళల్లో ఎత్తు స్టూళ్ళ మీద, బీరువాల మీద కట్టకుండా పెట్టిన టీవీలు, స్పీకర్లు ఉంటే ఈరోజే దింపండి, లేదా గోడకి కట్టండి. మా టైలు ఒక్కటే పగిలింది, అది మా అదృష్టం.

మూడు, మన సభల సంగతి. ఈ హాల్లో లౌడ్ స్పీకర్లు ఎప్పుడూ వేదిక పక్కన నేల మీద ఉంటాయి. ముందు వరుసవాళ్ళకి చెవులు గింగురుమంటాయి, వెనకవాళ్ళకి మాట అందదు. సభలో లెక్క ఇంటి లెక్క కాదు. అక్కడ పెట్టెలు కూర్చున్నవాళ్ళ తలలకంటే పైన ఉండి, వెనక వరుసలవైపు చూడాలి. మూడుకాళ్ళ స్టాండయితే కాళ్ళు పూర్తిగా విప్పి, వాటి మీద ఇసుక బస్తాలు వేయాలి. ఈసారి మాత్రం నిన్న సాయంత్రమే వచ్చి నేను అలా పెట్టించాను. వెనక వరుసలో మా నాన్నగారు కూర్చున్నారు. నేను చెప్పిన కొలతల్లో ఏదైనా తప్పుంటే ఆయన ఈపాటికే లేచి చెప్పేవారు.

సెలవు. జై హింద్.